అద్దంకి అవతల ప్లగ్గు పీకేసిన పాట

పాట సగంలో ఉండగా హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచి, స్టేజీ పక్కకి వెళ్ళి, వంగి స్పీకరు ప్లగ్గు పీకేశారు. డ్రమ్ములూ బేసూ అన్నీ ఆ స్పీకరులోంచే వస్తున్నాయి. అవి పోయేసరికి స్టేజీ మీద పిల్లల చేతుల్లోని బుల్లి గిటార్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. పిల్లలు కరెంటు పోయిందనుకున్నారు. ఆ ఊళ్ళో కరెంటు పోవడం కొత్త కాదు కాబట్టి వాళ్ళు ఆపలేదు, వాయిస్తూనే ఉన్నారు. అప్పుడాయన మైకు తీసుకుని, "చాలమ్మా, ఇంక దిగండి" అన్నారు. మైకు పనిచేస్తోంది. పోయింది కరెంటు కాదని వాళ్ళకి అప్పుడు తెలిసింది.

దినపత్రికలో ముప్పై ఏళ్ళు పైగా పనిచేశాను. లాఠీలతో ఆగిన సభలు చూశాను, రాళ్ళతో ఆగిన సభలు చూశాను. వాటి మీద రాసేటప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. రాస్తే దెబ్బ తగిలేది కోపం తెప్పించినవాళ్ళకి కాదు, పిల్లలకి.

అసలు నేను అక్కడికి ఎందుకు వెళ్ళానంటే, మాధవి పిలిచింది. మాధవి మా పాత సహోద్యోగి కూతురు, అద్దంకి అవతల ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. చదువుకునే రోజుల్లో గుంటూరు హాస్టల్లో ఫోను చూసి గిటారు నేర్చుకుంది. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు బళ్ళో పిల్లలకి యుకలేలే నేర్పుతోంది. నాలుగు తీగలుండే చిన్న గిటారు అది, ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలోనూ ఇముడుతుంది. "బాబాయ్, మా పిల్లలు రెగే వాయిస్తున్నారు, స్కూలు యానివర్సరీకి స్టేజీ ఎక్కుతున్నారు, నువ్వు రావాలి" అంది ఫోన్లో. వచ్చేటప్పుడు గుంటూరు బ్రాడీపేటలో యుకలేలే తీగలు దొరికితే తెమ్మంది. దొరికాయి. షాపతను అవి గిటారువి కావని నన్ను మూడుసార్లు హెచ్చరించి మరీ ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున ఏడింటికి నల్లపాడులో ఆటో ఎక్కాను. మిరప సీజన్లో మా వైపు గాలి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు జేబురుమాలు దగ్గర పెట్టుకుని రండి. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, నింపుకున్న లారీల వెనక ఆటో నడిపే మనిషి తుమ్ముతూనే బేరమాడతాడు. గుంటూరు బస్టాండులో ఎనిమిది దాటాక బస్సు దొరికింది. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా అద్దంకి. పొద్దున వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎడమవైపంతా ఎండ. టికెట్టు ధర రాయను, మీరు వెళ్ళేనాటికి అది మారుతుంది. ఆడవాళ్ళకి ఎటూ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు కాబట్టి బస్సు నిండా వాళ్ళే, వాళ్ళ సంచులే.

నా పక్కన మార్టూరులో కూతురింటికి వెళ్తున్న పెద్దావిడ కూర్చుంది. నా చేతిలో తీగల పొట్లం చూసి ఏందని అడిగింది. చెప్పాను.

"రెగే అంటే ఏందయ్యా, డాన్సా?"

పాటేనని, సముద్రాల అవతల జమైకా అనే దీవిలో పుట్టిందని, అక్కడ పేటల్లో కూలీనాలీ చేసుకునేవాళ్ళు పాడుకున్నారని అన్నాను. మన కోతల్లో పాడుకోరా, అలాగే, అని కూడా కలిపాను.

"కోతల్లో ఇప్పుడెవరు పాడుతున్నారయ్యా. చెవుల్లో పుల్లలు పెట్టుకుని ఎవరి ఫోను వాళ్ళు వింటన్నారు" అని ఆవిడ నా పోలికను అక్కడే తుంచేసింది.

చిలకలూరిపేట దాటాక పత్తి పీకేసిన చేలు, మధ్యమధ్య ఎర్రగా పండిన మిరపతోటలు. మార్టూరు దగ్గర రోడ్డుకి రెండు పక్కలా గ్రానైటు పలకలు. పన్నెండు కాకుండానే అద్దంకి చేరాను. బస్టాండుకి దగ్గర్లోనే లాడ్జీలో గది తీసుకుని, ఎదురుగా మెస్సులో భోజనం చేశాను. గోంగూర బాగుంది, సాంబారు బాగాలేదు. జిల్లాల గీతలు ఎన్నిసార్లు చెరిపి గీసినా మెస్సు యజమాని మటుకు బోర్డు మీద ప్రకాశం జిల్లా అనే ఉంచాడు. అక్కణ్ణించి ఊరికి షేరాటోలో అరగంట. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని కాయలు ఏరుతున్నారు.

మర్నాటి సభకి రిహార్సలు పెట్టింది కాబట్టి బళ్ళో మాధవి పాఠం ఎలా చెబుతుందో ఆ మధ్యాహ్నమే చూశాను. తెచ్చిన తీగలు రెండు వాయిద్యాలకి అప్పటికప్పుడే ఎక్కించారు. పిల్లలకి ఈ సంగీతమే ఎందుకని అడిగాను. రెగే నిదానంగా నడుస్తుంది, రెండు మూడు కార్డ్‌లతో పాట మొత్తం వెళ్ళిపోతుంది, అంది. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం. యుకలేలే మీద ఒక్క వేలు పెడితే పలికే కార్డ్‌లు రెండున్నాయి. మూడోదానికి రెండు వేళ్ళు కావాలి. ఫోన్లోంచి డ్రమ్ములూ బేసూ స్పీకరుకి పెడుతుంది, పిల్లలు దానితో కలిసి వాయిస్తారు. తప్పు పడినా మళ్ళీ అందుకోవడానికి వ్యవధి ఉంటుంది.

వేలు ఎక్కడ పెట్టాలో తెలియడానికి తీగల కింద రంగు చుక్కలు అంటించింది. ఒక కార్డ్‌కి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, రెండు వేళ్ళదానికి పసుపు. ఆ రంగులే ఎందుకంటే, "అద్దంకి షాపులో ఆ మూడే ఉన్నాయి బాబాయ్" అంది. పిల్లలు వాటికి పేర్లు పెట్టేసుకున్నారు. ఆకుపచ్చ పచ్చికాయ. ఎరుపు పండుకాయ. పసుపు తాలుకాయ. కల్లంలో రంగు పోయి పాలిపోయిన కాయని తాలు అంటారు, దాన్ని ఏరి పక్కన పోస్తారు. రెండు వేళ్ళ కార్డ్ ఎవరికీ సరిగ్గా పలకదు కాబట్టి అది తాలయింది. పాట మధ్యలో మాధవి "పచ్చి, పచ్చి, పండు" అని అరుస్తుంటే పిల్లల వేళ్ళు మారుతుంటాయి.

కష్టమంతా ఇంకోచోట ఉంది. భజనలో చిడత తాళం మీద పడుతుంది. రెగేలో కార్డ్ తాళానికీ తాళానికీ మధ్య పడాలి. ఇక్కడి పిల్లలు పుట్టినప్పటి నుంచీ వింటున్నది భజన. ఎంత చెప్పినా తాళం మీదే కొట్టేవాళ్ళట. చివరికి ఒకరోజు కల్లంలో కాయలేరుతున్న తన క్లాసు పిల్ల నాగలక్ష్మిని చూసి మాధవికి దారి తోచింది. ఎడమచేత్తో కుప్పలోంచి కాయ లాగడం, కుడిచేత్తో పక్కకి విసరడం. లాగినప్పుడు తాళం, విసిరినప్పుడు కార్డ్. మర్నాడు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి ఉత్త చేతులతో కాయలు ఏరించింది. అరగంటలో పట్టుకున్నారు. ఏరడం రాని పిల్ల ఆ గదిలో లేదు.

నాగలక్ష్మి తొమ్మిదో తరగతి. మిగతావాళ్ళు ఆమె చెయ్యి చూసి వాయిస్తారు. వేళ్ళ కొసలు ఎర్రగా పొంగి ఉన్నాయి. ముందురోజు కోతకి వెళ్ళిందట.

"మండదా అమ్మా?" అన్నాను.

"మండుద్ది సార్. తీగ మీద గట్టిగా నొక్కితే తెలవదు."

మిరపకోతలు మొదలయ్యాక ఈ బళ్ళో బెంచీలు ఖాళీ అవుతాయి. తల్లులతోపాటు పెద్దపిల్లలు చేలోకి పోతారు. నాగలక్ష్మిని కూడా తల్లి సుజాత మాన్పించబోయింది. మొగుడు నడుం దెబ్బతిని పనికి పోలేడు, ఇద్దరు కోస్తేనే ఇల్లు గడుస్తుంది. మాధవి ఇంటికి వెళ్ళి కూర్చుని, యానివర్సరీ దాకా ఆగమని, పిల్ల వాయించడం ఒక్కసారి కళ్ళారా చూసి అప్పుడు నిర్ణయించుకోమని బతిమాలింది. సుజాత "సరే, చూసి చెప్తాలే టీచరమ్మా" అంది. అప్పటి నుంచీ నాగలక్ష్మి కొన్నాళ్ళు చేలో, కొన్నాళ్ళు బళ్ళో. ఆ పిల్ల చదువు శనివారం సాయంత్రం జరగబోయే ఒక్క పాట మీద ఆగి ఉందని నాకు ఆ రోజే తెలుసు. బళ్ళో అందరికీ తెలుసు. హెడ్మాస్టరు గారికీ తెలుసు. అందుకే ఈ కోపం.

శనివారం నాలుగింటికి మొదలుపెడతామన్న సభ అయిదున్నరకి మొదలైంది. మండల స్థాయి అధికారి ఒకాయన ముఖ్య అతిథి, ఆయన కోసం ఆగారు. ఆయన పక్కన పేరెంట్స్ కమిటీ చైర్మన్ సాంబశివరావు. పెద్ద మిరప రైతు. సుజాత కోతకి పోయేది ఎక్కువగా ఆయన చేలోకే. నాకు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి ఇచ్చిన మర్యాదస్తుడు. స్టేజీ పక్క గోడ మీద వారం కిందట ఇదే పిల్లలు మోసిన 'గంజాయి వద్దు' బ్యానరు ఇంకా వేలాడుతోంది.

ప్రార్థన, ఉపన్యాసాలు, సన్మానాలు అయ్యాయి. తర్వాత ఆరో తరగతి ఆడపిల్లలు ఒక సినిమా పాటకి డాన్సు చేశారు. ఆ పాటలో నడుం గురించి ఉన్న మాటలు నేను ఇక్కడ రాయలేను. పదకొండేళ్ళ పిల్లలు వాటికి తగ్గట్టు నడుములు ఊపారు. అతిథి చప్పట్లు కొట్టారు. మళ్ళీ చేయమన్నారు.

తర్వాత మాధవి పిల్లలు ఎక్కారు. వెనక వాళ్ళే అట్టల మీద రంగులేసి నిలబెట్టిన తెర ఉంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు. పాటకి మాటలు కూడా వాళ్ళవే. "బస్సు రాదు, నడుస్తాం, ఎండ పోదు, నడుస్తాం" అని మొదలైంది. స్పీకరులో బేసు దడదడలాడింది, దాని మధ్యమధ్య పిల్లల చేతులు ఒక్కసారిగా లేచి పడుతున్నాయి. జనం అలవాటు ప్రకారం తాళం మీద చప్పట్లు అందుకున్నారు. పిల్లలు ఆ చప్పట్లకి లొంగలేదు. నాగలక్ష్మి తల ఎత్తకుండా కాయ విసిరినట్టే విసురుతోంది, మిగతావాళ్ళు ఆమె వెంట ఉన్నారు. జనం వెనక సుజాత నిలబడి ఉండటం చూశాను. చేలోంచి నేరుగా వచ్చింది, తలగుడ్డ కూడా విప్పలేదు. పక్కనున్న ఆవిడకి చేత్తో స్టేజీ చూపిస్తోంది.

అప్పుడే సాంబశివరావు ఫోను తీసి అతిథికి చూపించాడు. నేను వెనక వరసలో ఉన్నాను, ఫోను తెర కనబడింది. రెగే అని వెతికితే వచ్చిన బొమ్మ. జడలు కట్టిన జుట్టుతో ఒక మనిషి, నోట్లోంచి గంజాయి పొగ, వెనక అవే మూడు రంగులు. అతిథి ఫోను వైపు, స్టేజీ వైపు, గోడ మీద బ్యానరు వైపు చూశారు. హెడ్మాస్టరు గారిని పిలిచి చెవిలో రెండు ముక్కలు చెప్పారు. తర్వాత జరిగింది మొదట్లోనే రాశాను.

పిల్లలు దిగాక నేను అతిథి దగ్గరికి వెళ్ళాను. ఎందుకు ఆపించారని అడిగాను. ఆయన కోపంగా ఏమీ లేరు, భయంగా ఉన్నారు.

"మొన్ననే కదండి ఈ పిల్లలతో గంజాయి మీద ర్యాలీ చేయించాం. వాళ్ళ వెనకాలే ఆ రంగులు. ఎవడో ఫొటో తీసి గ్రూపులో పెడితే నేనేం సమాధానం చెప్పుకోవాలి?"

నేను చెప్పేలోపే పక్కనే వాయిద్యాలు సర్దుతున్న నాగలక్ష్మి పసుపు పట్టీ వైపు వేలు చూపించింది. "అది తాలుకాయ సార్. అది పచ్చికాయ, అది పండుకాయ. మా వేళ్ళు యాడ పెట్టాలో గుర్తు."

ఆయనకి నవ్వొచ్చింది. "బాగుందమ్మా" అన్నారు. తెలివైన పిల్లని హెడ్మాస్టరు గారితో కూడా అన్నారు. అయితే పాట మళ్ళీ పెట్టించమని నేనడిగాను. ఇప్పటికే ఆలస్యమైంది, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఆ తర్వాత స్టేజీ మీద ఇంకో మూడు సినిమా పాటలు నడిచాయి. ఆలస్యం వాటికి అడ్డు రాలేదు.

సాంబశివరావుని పక్కకి పిలిచాను. మీ కల్లంలో ఈ మూడు రంగులూ లేవా అని అడిగాను.

"ఎందుకుండవండీ, రోజూ చూసేయే. కల్లంలో ఉంటే మిరపకాయలే. స్టేజీ మీద పెడితే ఎవడేమనుకుంటాడో మనకేం తెలుసు?"

కోతలకి మనుషులు దొరక్క ఆటోలు పంపుకుంటున్న రైతుకి బళ్ళో ఒక పిల్ల తగ్గితే లాభమేనని నాకు తోచింది. అది కూడా అడిగాను. ఆయన మొహం ఎర్రబడింది. "పిల్లల్ని చదువు మానమని నేను అంటానటండీ? నా కూతురూ ఈ బళ్ళోనే చదివింది" అన్నాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని నేను రుజువు చేయలేను కాబట్టి ఆయన మాటే రాస్తున్నాను. ఊరికి ఆ చివర బెల్టు షాపు సాయంత్రం నుంచీ తెరిచే ఉంది. దాని ఫొటో ఎవరు గ్రూపులో పెడతారోనని ఎవరికీ బెంగ లేదు.

సుజాత అప్పటికే గేటు దాటుతోంది. మాధవి పరుగెత్తి ఆపింది. నేను వెనకే వెళ్ళాను.

"ఏం చూడమన్నావమ్మా నన్ను?" అంది సుజాత.

"వాయించింది కదా సుజాతా. చూశావుగా, అందర్నీ అదే నడిపించింది."

"వాయిస్తా ఉంటే ఆపేశారుగా. తప్పు చేస్తేనేగా ఆపేది."

తప్పేమీ చేయలేదని మాధవి చెప్పింది, నేనూ చెప్పాను. సుజాత మా ఇద్దరినీ చూసి, "మీరు మంచోళ్ళు కాబట్టి అంటన్నారు" అని కూతుర్ని పిలుచుకుని వెళ్ళిపోయింది. పెద్దమనుషులు నిండు సభలో పిల్లని దింపేస్తే, తప్పు పెద్దమనుషులదని ఆమె ఎట్లా అనుకుంటుంది? అలా అనుకునే అలవాటు ఆమెకి ఎవరూ నేర్పలేదు. ప్లగ్గు పీకిన చెయ్యే పిల్ల చదువునీ పీకేసింది.

ఆదివారం కూడా అద్దంకిలో ఆగాను. హెడ్మాస్టరు గారి ఇల్లు ఆ ఊళ్ళోనే. మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. యుకలేలేలు సైన్సు ల్యాబులో పెట్టి తాళం వేయించానని చెప్పారు.

"నాకూ పాట నచ్చిందండి, ఆ రంగులు మిరపకాయలవనీ ముందే తెలుసు, అబద్ధం ఎందుకు. కానీ ఈ వేసవికి రిటైరవుతున్నాను. ఈ వయసులో నాకు విచారణలు ఎందుకు చెప్పండి?"

అంటే క్లాసు రద్దు చేశారా అన్నాను. రద్దు అనలేదన్నారు. మరి వచ్చే శనివారం ఉంటుందా అన్నాను. ఉంటుందనీ అనలేదన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు, రెండు మాటలు రాసి వదిలేసేవాణ్ణి. పాట బాగుందని తెలిసి, రంగులు మిరపకాయలవని తెలిసి, పిల్ల చదువు దాని మీద ఉందని తెలిసి, అన్నీ తెలిసి ప్లగ్గు పీకారు.

సోమవారం పొద్దున మాధవిని కలిసి వెళ్దామని ఊరికి షేరాటోలో వచ్చాను. బడికి కాస్త ఇవతల కోతలకి వెళ్ళే ట్రాలీ ఆటో ఎదురైంది. ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చున్నట్టున్నారు. వెనక చివర నాగలక్ష్మి ఉంది. యూనిఫాం మీద వాళ్ళ నాన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకుంది. యూనిఫాం ఎందుకు వేసుకుందో అడగడానికి ఆటో ఆగలేదు. నన్ను గుర్తుపట్టింది. పక్కావిడ ఏదో అంటే అటు తిరిగింది.

బళ్ళో మాధవిని కలిశాను. హెడ్మాస్టరు గారిని ఒకటే అడిగిందట. క్లాసు వద్దంటే కాగితం మీద రాసివ్వండి, నేను పైవాళ్ళని అడుగుతాను, అని. వద్దన్నది ఎవరమ్మా, అన్నారట ఆయన. "ఎవరితో పోట్లాడాలో చెప్పు బాబాయ్" అంది మాధవి.

పదిన్నర బస్సుకి అద్దంకిలో ఎక్కాను. తిరుగు ప్రయాణంలో సీటు దొరికింది, పక్కన ఎవరూ మాట్లాడేవాళ్ళు దొరకలేదు. మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కాక రోడ్డు బాగుంటుంది, నిద్రపోవచ్చు. నాకు పట్టలేదు. ఈ దారిలో నేను వార్తల కోసం ఎన్నోసార్లు తిరిగాను. కరువుకి, నకిలీ విత్తనాలకి, ధర పడిపోయినప్పుడు రోడ్డు మీద పోసి తగలబెట్టిన మిరపకాయలకి. వాటన్నిటికీ ఒక అధికారో ఒక కంపెనీనో ఉండేది, వేలు చూపించి రాసేవాళ్ళం. ఈసారి అందరూ కాఫీ ఇచ్చారు, మజ్జిగ ఇచ్చారు, పిల్ల తెలివైనదన్నారు. అంతా కలిసి ఒక చిన్న పనిని చంపేశారు, చంపలేదని ఎవరికివారు చెప్పగలరు. మీరు ఆ వైపు వెళ్తే కల్లాలు చూడండి, సీజన్లో చాలా అందంగా ఉంటాయి. కాయలేరే పిల్లల చేతులు కూడా చూడండి.

రెండున్నరకి గుంటూరు బస్టాండులో దిగాను. నల్లపాడు ఆటోలో ఉండగా మాధవి ఫోను చేసింది. మధ్యాహ్నం భోజనాల వేళ చేలోకి వెళ్ళి సుజాతని కలిసిందట. పరీక్షలకైనా పిల్లని పంపమని అడిగితే, కోతలు అయ్యాక చూద్దాం అందట. ఈ ఏడు వార్షిక పరీక్షలు కోతలు అవ్వకముందే ఉన్నాయి.